‘ఇన్సులిన్ దాకా వెళ్లిందా, పాపం!’

మొన్న మా బంధువుల గృహప్రవేశంలో, భోజనాల దగ్గర ఒక మాట విని నాకు ముద్ద దిగలేదు. మా వదిన హ్యాండ్‌బ్యాగులోంచి ఇన్సులిన్ పెన్ను తీసి, గోడవైపు తిరిగి పొట్టకు పొడుచుకుంటోంది. పక్క కుర్చీలో పెద్దమనిషి అది చూసి, “అయ్యో, ఇన్సులిన్ దాకా వెళ్లిందామ్మా? ఇంక అయిపోయినట్టే” అన్నాడు. ఆయనకీ షుగర్ ఉంది. ఏళ్లుగా ఉంది. ఆయన విస్తట్లో రెండో బొబ్బట్టు కూడా ఉంది. “ఇవాళ్టికి ఒక బిళ్ల ఎక్కువేసుకుంటాలే” అని తనకు తానే పరిష్కారం కూడా ప్రకటించుకున్నాడు.

ఈ మాట ఆయన ఒక్కడి సొంతం కాదు. పొద్దున్నే పార్కులో నడిచేవాళ్లు అంటారు, మందుల షాపు కుర్రాడు అంటాడు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రిటైరైన ప్రతి ఆఫీసరూ అంటాడు. ఇన్సులిన్ ఆఖరి మెట్టట. ఒకసారి మొదలుపెడితే జన్మంతా వదలదట. కిడ్నీలు తినేస్తుందట. మన దేశంలో షుగరున్నవాళ్లు 10 కోట్లకు పైగా ఉన్నారని 2023లో ఐసీఎంఆర్ లెక్క చెప్పింది. అలాంటి దేశంలో ఇంత అజ్ఞానం ఇంత ధీమాగా చలామణీ అవుతుంటే ఒళ్లు మండదా?

వీళ్ల చేతిలో ఒక తిరుగులేని సాక్ష్యం ఉంటుంది. “మా బావగారికి ఇన్సులిన్ పెట్టారు, రెండేళ్లు తిరక్కుండా డయాలసిస్‌కి వచ్చింది.” సరే, ఇన్సులిన్ పెట్టకముందు బావగారు ఏం చేశారో కూడా చెప్పమనండి. పరగడుపున 250 పెట్టుకుని ఏళ్లకేళ్లు తిరిగారు. అరికాళ్లు మండితే కొబ్బరినూనె రాసుకున్నారు. డాక్టరు ఇన్సులిన్ అన్న రోజున డాక్టరునే మార్చారు. కాలి వేలు నల్లబడ్డాక, కంట్లో రక్తనాళాలు చిట్లాక, మూత్రంలో ప్రొటీన్ పోవడం మొదలయ్యాక అప్పుడు “సరే, పెట్టండి” అన్నారు. కిడ్నీని తిన్నది ఆ ఏళ్ల తరబడి చక్కెర. నింద పడింది మాత్రం ఆఖర్న వచ్చిన సూది మీద. ఇల్లు తగలబడ్డాక వచ్చిన ఫైరింజన్ని చూపించి, ఇదే నిప్పు పెట్టిందన్నట్టుంది.

షుగర్‌కు రాసే మెట్‌ఫార్మిన్ బిళ్లకీ ఇదే అపవాదు. అది కిడ్నీ ద్వారా బయటికి పోయే మందు. కిడ్నీ నీరసిస్తే ఒంట్లో పేరుకుపోతుంది కాబట్టి డాక్టర్లు మోతాదు తగ్గిస్తారు, మరీ దెబ్బతింటే ఆపేస్తారు. ఆపేశారు కాబట్టి పాడుచేసింది అదేనని మనవాళ్ల తర్కం. ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు. నిజంగా పట్టించుకోవాల్సిన ఆ సంగతి మాత్రం ఒక్కడూ ఎత్తడు. హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో తయారై దేశదేశాలకు వెళ్తున్న మందు ఇది, దానికి ఇంటిగడపలోనే గౌరవం లేదు. ఇక డాపాగ్లిఫ్లోజిన్ లాంటి కొత్త బిళ్లలు కిడ్నీని కాపాడతాయని తేలాక, షుగర్ లేని కిడ్నీ రోగులకు కూడా రాస్తున్నారు. “ఇంగ్లీషు మందులు కిడ్నీకి చేటు” అనే వాళ్లకు ఆ వార్త ఇంకా చేరలేదు.

అయితే నా అసలు కోపం బావగార్ల మీద కాదు, డాక్టర్ల మీద. “అన్నం తగ్గించు, నడువు, లేకపోతే ఇన్సులిన్ పెట్టేస్తాను చూడు!” ఈ బెదిరింపు ఎన్ని ఓపీ గదుల్లో విన్నానో! మూడు నెలల షుగర్ టెస్టు 9 వచ్చిన మనిషి అసలే తలదించుకుని కూర్చుని ఉంటాడు. వెనక పెళ్లాం నిలబడి “చెప్పండి డాక్టరుగారూ, నా మాట వినరు” అంటూ ఉంటుంది. అప్పుడీ మాట. ఆర్నెల్లు తిరిగాక అదే డాక్టరు నిజంగానే ఇన్సులిన్ రాస్తే రోగికి అందులో వైద్యం ఎలా కనిపిస్తుంది? శిక్షే కనిపిస్తుంది. ఆ చీటీ చించేసి పసరు మందు దగ్గరికి పోయాడంటే, దారి చూపింది ఎవరు?

పైగా మాట విననివాళ్లకే ఇన్సులిన్ అన్నది పచ్చి అబద్ధం. షుగర్ బయటపడే నాటికే క్లోమంలో ఇన్సులిన్ చేసే శక్తి సగం దాకా పోయి ఉంటుందని బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనం లెక్కగట్టింది. ఆ తర్వాతా ఏటా కొంత తగ్గుతూనే పోతుంది. నోరు కట్టుకుని, రోజూ చెమట కారేలా నడిచి, బిళ్ల ఒక్కటీ తప్పకుండా మింగినవాడికీ ఏదో ఒక రోజు ఇన్సులిన్ అవసరం పడొచ్చు. అతను చేసిన తప్పేమిటి?

జన్మంతా వదలదంటారా? కాన్పుకు ముందు షుగర్ వచ్చిన ఆడవాళ్లకు ఇన్సులిన్ ఇస్తారు, బిడ్డ పుట్టాక చాలామందికి ఆపేస్తారు. పెద్ద ఆపరేషన్లప్పుడు, ఒంట్లో చీము పట్టినప్పుడు ఇస్తారు, తగ్గాక బిళ్లలకు మారుస్తారు. 2008లో చైనా వైద్యులు లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. కొత్తగా షుగర్ పట్టుబడినవాళ్లకు ముందే కొన్నాళ్లు గట్టిగా ఇన్సులిన్ ఇచ్చి ఆపేస్తే, ఏడాది తర్వాత కూడా దాదాపు సగం మందికి మందుల్లేకుండానే అదుపులో ఉంది. ఆఖరి మెట్టు అంటున్నది మొదటి మెట్టుగా పనిచేసిన సందర్భమది.

మధ్యలో ఇంకొకటి. నర్సరీల్లో ‘ఇన్సులిన్ మొక్క’ అని అమ్ముతారు, చూశారా? సూదంటే హడలిపోయేవాళ్లు దాన్ని బాల్కనీలో పెంచి రోజుకో ఆకు నములుతారు. ఇన్సులిన్ ప్రొటీన్. నోట్లోంచి పోతే పప్పులో ప్రొటీన్‌లాగే అరిగిపోతుంది, సూదితో ఇచ్చేది అందుకే. ఆ పేరు పెట్టినవాడి వ్యాపార దక్షతకు మాత్రం దండం పెట్టాలి.

“పాతకాలంలో ఇవన్నీ ఉన్నాయా, బతకలేదా” అని అడిగేవాళ్లకు జవాబు: బతకలేదు. 1922కు ముందు, ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని టైప్-1 షుగర్ పిల్లలకు వైద్యమంటే ఆకలితో మాడ్చడమే. ఎముకల గూడై, ఇంకొన్నాళ్లు ఉండి పోయేవాళ్లు. ఆ ఏడాది జనవరి 11న టొరంటోలో లియొనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. మందు శుద్ధిగా లేక అది సరిగ్గా పనిచేయలేదు. కొలిప్ అనే శాస్త్రవేత్త దాన్ని శుద్ధి చేశాక 23న మళ్లీ ఇస్తే చక్కెర దిగింది. కుర్రాడు ఇంకో 13 ఏళ్లు బతికాడు. పేటెంటును దాని హక్కుదారులు టొరంటో యూనివర్సిటీకి ఒక్కో డాలరుకు ఇచ్చేశారు. నూరేళ్లు దాటాక మనం ఆ మందునే దెయ్యం చేసి కూర్చున్నాం. ఈ రోజుకీ టైప్-1 బిడ్డకు ఆకు పసరు నమ్మి సూది ఆపే తల్లిదండ్రులున్నారు. కొద్ది రోజుల్లోనే వాంతులు, ఆయాసం, కోమా. ఆ పసరు ఇచ్చినవాణ్ని ఎవరూ నిలదీయరు.

తిండితో తగ్గదా అంటే, కొందరికి తగ్గుతుంది. రోగం కొత్తదై, ఒళ్లు బాగా తగ్గించుకోగలిగితే. కొర్రలన్నం రెండు గరిటెలు ఎక్కువ తినేవాళ్లకు కాదు.

ఇన్సులిన్‌తో షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది, కాదనను. చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి వస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. ఇది నేర్పడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ అయిదు నిమిషాలే ఎక్కడా దొరకవు. సిరంజి సంగతే చూడండి. ఎర్ర మూతది మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాకు, నారింజ మూతది 100 ఉండే సీసాకు. 40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 8 యూనిట్లే. అటుదిటు చేస్తే 20 కావాల్సిన చోట 50 పోతాయి, మనిషి ప్రాణం మీదికే వస్తుంది. ఇది చేతిలో పెట్టి చూపించే మనిషి ప్రతి ఆసుపత్రిలో ఒకరు ఉండాలి. ఎలా పెడతారో, జీతం ఎవరిస్తారో ప్రభుత్వం చూసుకోవాలి.

మీకు ఇన్సులిన్ రాసిన రోజున డాక్టరును మార్చకండి. ఎన్ని యూనిట్లు, తినడానికి ఎంత ముందు, ఏ మూత సిరంజి అని అడిగి రాయించుకోండి. డాక్టరుగారూ, రోగిని భయపెట్టడానికి ఇంకేదైనా వెతుక్కోండి, ఇన్సులిన్ జోలికి రాకండి.