రానిది సగం ఎలా వచ్చింది?
ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటగట్టేటప్పుడు షోరూమ్ కుర్రాడు "ఇక మీరు పెట్రోలు పోసుకుంటే చాలు సార్" అన్నాడు. నాలుగో ఏడు ఏసీ కంప్రెసర్ మూలిగేసరికి అదే షోరూమ్ మాట మార్చింది: "ఇది అరుగుదల, వారంటీలోకి రాదు." ఎస్టిమేట్ 38 వేలు. డీలర్‌ని నిలదీస్తే వారంటీ కంపెనీ ఒప్పుకోలేదంటాడు. కంపెనీకి ఫోన్ చేస్తే డీలర్ రిపోర్టే అలా ఉందంటారు. ఈలోగా బండి లిఫ్ట్ మీద, మనం వెయిటింగ్ హాల్లో చల్లారిన టీ ముందు. ఇక్కడ అరిచి లాభం లేదు, కాగితం అడగాలి. ఏ షరతు కింద కాదన్నారో రాసివ్వమనాలి, జాబ్ కార్డు నకలు తీసుకోవాలి, విప్పిన పార్టు మన చేతికిమ్మనాలి. నేను ఈమెయిల్‌లో అడిగిన మూడో రోజుకే "గుడ్‌విల్" పేరుతో బిల్లు సగమైంది. అసలు వర్తించనిదైతే ఆ సగం ఎక్కడిది? అందుకే ఆ సగం బిల్లుకు ఒప్పుకుంటూ సంతకం పెట్టలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వారంటీకి కట్టింది 5 లక్షల లోపే కనుక ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు. పాత కంప్రెసర్ మాత్రం అట్టపెట్టెలో భద్రంగా నా డిక్కీలోనే ఉంది.