లక్నవరంలో పిల్లలకు ఏం చూపిస్తున్నాం?
సెలవులకు లక్నవరం చెరువుకు వెళ్లే కుటుంబాల్లో చాలామంది వేలాడే వంతెన మీద ఫొటోలు దిగి, పడవెక్కి, రాత్రికి గుడారంలోనో కాటేజీలోనో పడుకుని, తెల్లారగానే తిరుగుప్రయాణం కడతారు. పిల్లలకు అక్కడ ముందుగా చూపించాల్సింది చెరువుకట్టను, తూమును అని నా గట్టి నమ్మకం. ములుగు జిల్లా అడవిలో, కొండల నడుమ, దీవులతో కళకళలాడే ఆ నీళ్లు వాటంతటవే నిలిచినవి కావు. 13వ శతాబ్దంలో, కాకతీయుల ఏలుబడిలో, కొండల మధ్య సందులకు కట్ట పోసి వాననీటిని ఆపారు. ఆ నీరే తూముల గుండా కాలువల్లోకి దిగి, ఇవాళ్టికీ గోవిందరావుపేట వైపు పొలాల్లో వరి పండిస్తోంది. దాదాపు ఎనిమిది వందల ఏళ్ల నాటి శ్రమ ఇంకా అన్నం పెడుతోందని పదేళ్ల పిల్లకు కళ్లారా చూపించగలిగే చోట్లు మనకెన్ని ఉన్నాయి? కాబట్టి సాయంత్రం బిడ్డ చెయ్యి పట్టుకుని కట్ట మీద నడవండి, ఈ నీళ్లు ఎటు పోతాయని అడగనివ్వండి. రాత్రి స్పీకరు మోగించకండి. కప్పలూ కీచురాళ్లూ వినిపించే చీకటి నగరంలో పెరిగే పిల్లలకు దొరకదు. తిన్న ప్లాస్టిక్ పళ్లేలు, చిప్స్ కవర్లు మళ్లీ కారులోకే ఎక్కాలి, ఎందుకంటే అవి కొట్టుకుపోయేది రైతు మడిలోకి. పర్యాటక శాఖ కూడా ఆయకట్టు రైతు ఒకరికి రోజుకూలి ఇచ్చి, నీరు వదిలే తీరును వచ్చిన పిల్లలకు తూము దగ్గరే చెప్పించాలి.