కింద తాడు పట్టేవాళ్ళు

నేరం చేసిన పిల్లలను నాలుగు గోడల మధ్య ఉంచే బదులు కొండలకు, అడవులకు తీసుకెళ్ళి దిద్దవచ్చా అన్నది 1960లలో మసాచుసెట్స్‌లో పరీక్షించి చూశారు. 60 మంది అబ్బాయిలకు 26 రోజుల ‘అవుట్‌వర్డ్ బౌండ్’ అనే ఆరుబయట సాహస శిక్షణ ఇచ్చారు. మరో 60 మందిని మామూలు పద్ధతిలోనే ఉంచారు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ నేరంలో పడ్డవాళ్ళు మొదటి జట్టులో 20 శాతం, రెండో జట్టులో 42 శాతం. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ తేడా తగ్గింది.

భారతదేశంలో 2015 బాలల న్యాయ చట్టం కౌన్సెలింగ్, సమాజ సేవ, ప్రొబేషన్ వంటి దారులు చూపింది. కొండ శిక్షణను పేరుపెట్టి చెప్పలేదు. అయినా కొండ పిల్లలకు ఏం నేర్పగలదో ఉమ్మడి నల్లగొండలోని భువనగిరి గుట్ట చూపించింది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చింది అక్కడే. వారిని ప్రోత్సహించింది అప్పటి గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్. వాళ్ళేమీ నేరం చేసిన పిల్లలు కారు. కానీ గుట్ట ఎవరికైనా ఒకే పాఠం చెబుతుంది. నున్నటి బండ మీద కాలు జారినప్పుడు పిల్లవాడిని ఆపేది కింద తాడు బిగించి పట్టుకున్న తోటివాడి చేయి.

ఈ మాట ఇప్పుడెందుకంటే, ఈ మధ్య మన సంఘంలో ఒక సభ్యుడి ఇంటి అబ్బాయి పోలీసు కేసులో చిక్కుకున్నాక చాలా ఇళ్ళలో నిద్ర కరువైంది. “ఊరికి తోలేద్దాం, నాయనమ్మ దగ్గరుంటే బుద్ధొస్తది” అనేవారు కొందరు, ఏదో ఒక అడవి శిక్షణ క్యాంపులో చేర్చి చేతులు దులుపుకుందామనేవారు కొందరు. 2024 ఫిబ్రవరిలో నార్త్ కరోలినాలోని అటువంటి క్యాంపులో 12 ఏళ్ళ బాబు చేరిన మర్నాడే ప్రాణం కోల్పోయాడు. లైసెన్సు, శిక్షకుల అర్హతలు, పిల్లలతో రోజూ మాట్లాడే వీలు చూడకుండా పంపడం పెంపకం అనిపించుకోదు. పరువు పోతుందని విషయం దాచిపెట్టడం అంతకంటే పెద్ద తప్పు. నలుగురికీ తెలిస్తే పోయేది పరువే. దాస్తే పోయేది పిల్లవాడు.

 

శిక్షణ కొన్ని వారాలే. తిరిగొచ్చిన పిల్లవాడు ఉండేది ఇంట్లోనే. ఆ ఇంటి తలుపు తట్టి మాట్లాడడం, తాడుకు రెండో కొస పట్టుకోవడం ప్రతి సభ్యుడి బాధ్యత.