పబ్బం నిలిచింది, పలుకు నిలిచిందా?

ఒక జాతి తన పండుగను కాపాడుకొంటే చాలునా, భాష దానంతటదే నిలుస్తుందా అన్న ప్రశ్న సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలకు కొత్తది కాదు. ఉగాది పచ్చడి కలుపుతున్నాం, సంక్రాంతికి ముగ్గులు వేస్తున్నాం, ఊరి జాతరకు బంధువులందరినీ పిలుచుకొంటున్నాం. కనుక మనం తెలుగువారమే అని మనకు మనం ధైర్యం చెప్పుకొంటున్నాం. ఆ ధైర్యంలో నిజం పాలెంతో నాకు తెలియజెప్పింది మన పండుగ కాదు, ఐర్లండువారి పండుగ.

మా అమ్మాయి కాపురం అమెరికాలోని షికాగో నగరంలో. ఒక మార్చి నెలలో నేను అక్కడ ఉండగా సెయింట్ పాట్రిక్ పండుగ వచ్చింది. ఐర్లండుకు క్రైస్తవాన్ని తెచ్చిన గురువుగా పేరొందిన పాట్రిక్ వర్ధంతి మార్చి 17. ఆ దేశం నుండి వలసపోయినవారి సంతతి ఎక్కడెక్కడ ఉన్నదో అక్కడంతా ఆ దినం పండుగే. షికాగోలో నగరం నడుమ పారే నదికే ఆకుపచ్చ రంగు కలుపుతారు. మురుగు ఎక్కడి నుండి వచ్చి నదిలో కలుస్తున్నదో కనిపెట్టడానికి నీటిగొట్టాల పనివారు వాడే రంగును చూసి, వారి సంఘమే 1962లో ఈ వేడుకను ఆరంభించింది. తొలి ఏడు 100 పౌండ్ల రంగు కలిపితే నది వారం దినాలు పచ్చగా పారిందట. పడవ మీది నుండి చల్లేటప్పుడు నారింజ వన్నెలో ఉన్న పొడి, నీట పడగానే పచ్చబడడం నేను కన్నులారా చూచాను.

మరునాడు ఆదివారం, నగరపు దక్షిణ భాగంలో వెస్ట్రన్ అవెన్యూ అనే వీధిలో ఇంకొక ఊరేగింపు. 1979లో ఇరుగుపొరుగు ఇళ్ల పిల్లలు కొందరు తమ వీధుల్లో నడిచిన చిన్న నడక అది. పెరిగి పెరిగి మహా జనసందోహమై, 2009లో తాగినవారి అల్లరి హద్దు మీరడంతో 2010, 2011 సంవత్సరాలలో ఆగిపోయి, 2012లో మళ్లీ మొదలయింది. బూరలు, తప్పెటలు, పచ్చని టోపీలు, పచ్చని జెండాలు, చివరికి పచ్చరంగు కలిపిన బీరు. వీధి పొడుగునా ఎక్కడ చూచినా పచ్చదనమే.

మధ్యాహ్నం మా అల్లుడు ఆ పేటలోని ఒక పబ్బుకు భోజనానికి తీసుకొనిపోయినాడు. పబ్బు అనగానే మనవాళ్లు సారాయి అంగడి అనుకొంటారు. ఆ పేట పబ్బు అంతమాత్రమే కాదు. మన రచ్చబండా కాఫీ హోటలూ కలిసిన చోటు వంటిది. ముసలివారు, చంటిబిడ్డల తల్లులు, పాటగాళ్లు అందరూ అక్కడే ఉన్నారు. నేను కాఫీ తెప్పించుకొని కూర్చున్నాను. పక్క బల్ల వద్ద ఎనభై ఏళ్ల పెద్దాయన ఒకరు మాట కలిపి, మీది ఏ భాష అని అడిగినారు. తెలుగు అన్నాను. అది ఏ రాష్ట్రపు భాష అంటే రెండు రాష్ట్రాల పేర్లు చెప్పి, మేము మాత్రం తమిళనాడులో ఉన్న తెలుగువాళ్లం, ఎన్ని తరాలుగానో అక్కడే ఉన్నాం అన్నాను. “ఇన్ని తరాలైనా ఇంకా మాట్లాడుతున్నారా?” అని ఆయన ఆశ్చర్యపోయినారు.

తరువాత తన కథ చెప్పినారు. వాళ్ల అవ్వ ఐర్లండు పడమటి తీరం నుండి వచ్చిన మనిషి. రాత్రిపూట జపమాల తిప్పుతూ ఐరిష్‌లోనే ప్రార్థన చేసేదట. పిల్లలు పక్కన చేరితే మాత్రం ఇంగ్లీషుకు మారేదట. ఆ భాష కూడు పెట్టదు, మీకెందుకు అనేదట. ఐరిష్‌లో ఒక్క వాక్యం చెప్పండి, వింటాను అన్నాను. ఆయన గ్లాసు పైకెత్తి “స్లాంచె” అన్నారు. మీ ఆరోగ్యం కోసం అని దాని భావం. “నాకు మిగిలింది ఈ మాట ఒక్కటే” అని నవ్వినారు. ఆ నవ్వు నన్ను చాలా రోజులు విడువలేదు.

ఆ పెద్దాయనను నేను తప్పుపట్టలేను. షికాగోలో పుట్టిన నా మనుమడికి “తాతా” తరువాత వచ్చేదంతా ఇంగ్లీషే. అది దూరదేశం, పోనీ అనుకొందాం. హోసూరులో మా ఇంట్లోనే పుట్టి పెరిగిన మనుమరాలు తెలుగు మాట్లాడుతుంది గాని, ఈ పత్రికలో ఒక్క పుట చదవలేదు. మా ఇంట దీనిని చదవగలవాణ్ణి నేను ఒక్కణ్ణే. ఏడు సముద్రాల అవతలి మనుమడి కన్నా, ఏడు వీధుల అవతల తెలుగు చెప్పే బడి ఉన్న మనుమరాలిని తలచుకొంటేనే నాకు ఎక్కువ దిగులు.

ఐర్లండువారి కథను మనం శ్రద్ధగా చదవాలి. పాట్రిక్ ఐర్లండులో పుట్టినవాడు కాడు. రోమనుల బ్రిటనులో పుట్టి, పదహారేళ్ల ప్రాయంలో బానిసగా పట్టుబడి ఐర్లండులో ఆరేళ్లు మందలు కాచినవాడు. తప్పించుకొనిపోయి, మతగురువై, తిరిగి ఆ ప్రజల నడుమకే వచ్చినాడు. తన ఆత్మకథ వంటి లాటిన్ రచనలో, తన పలుకు పరాయి భాషలోకి మారిపోయిందని, అందువల్ల తన రాత మొరటుగా ఉన్నదని ఆయన నొచ్చుకొన్నాడు. భాష మారితే మనిషికి కలిగే బాధ ఎరిగిన ఆ మహనీయుని పేరిట, ఆయన నేర్చుకొన్న ఐరిష్ భాష ఒక్క ముక్క రాని లక్షలమంది నేడు పండుగ చేసుకొంటున్నారు.

ఐరిష్ దానంతటదే పోలేదు. పాలకుల భాష కోర్టులో, కొలువులో, బడిలో తిష్ఠ వేసింది. ఐరిష్ మాట్లాడిన పిల్లవాని మెడలో కట్టెపుల్ల కట్టి, మాట జారినప్పుడల్లా దానిమీద ఒక గాటు పెట్టి, సాయంత్రం గాట్లు లెక్కించి కొట్టినారు. ఆ శిక్షకు అనేక చోట్ల తల్లిదండ్రులే ఒప్పుకొన్నారన్నది మరింత విషాదం. 1845లో మొదలైన బంగాళాదుంప తెగులు కరువులో పదిలక్షల మంది చనిపోగా, అంతకు మించినవారు దేశం విడిచిపోయినారు. ఐరిష్ గట్టిగా నిలిచిన పడమటి పేద జిల్లాలే ఎక్కువగా నష్టపోయినాయి. 1851 జనగణనలో దాదాపు 15 లక్షలమంది ఐరిష్ వచ్చినవారు ఉండగా, 1891 నాటికి ఆ సంఖ్య 7 లక్షలకు లోపుకు పడిపోయింది.

వలసపోయినవారందరూ నిద్రపోలేదు. 1881లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో మైకేల్ లోగన్ అనే బడిపంతులు ఐరిష్ భాష కోసం ఒక మాసపత్రికను స్థాపించినాడు. డబ్లిన్‌లో గేలిక్ లీగ్ పుట్టింది 1893లో. సొంతనేల మీది ఉద్యమం కన్నా పరాయిగడ్డ మీది పత్రిక పన్నెండేళ్లు ముందు నడిచిందన్నమాట. రాష్ట్రం వెలుపలి తెలుగువాళ్లం మనమేమి చేయగలం అని నిట్టూర్చేవారు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

గేలిక్ లీగ్ ఈ పండుగను భాషకు ఆయుధంగా మలచుకొన్నది. మార్చి 17కు సెలవు ఇవ్వాలని, ఆ దినం పబ్బులు మూయాలని పోరాడింది. 1902 నుండి ఐరిష్ భాషా వారోత్సవాలు నడిపింది. 1903లో చట్టం వచ్చి సెలవు దొరికింది. స్వతంత్రం వచ్చిన తరువాత, 1920లలో చేసిన చట్టం వల్ల, 1960ల ఆరంభం వరకు ఐర్లండులో పండుగనాడు పబ్బులు మూతపడే ఉన్నాయి. షికాగోలో చూచిన సందడి మాతృదేశంలో ఒక తరం పాటు నిషిద్ధమన్న సంగతి తెలిసి నాకు వింత తోచింది.

మరి పబ్బులు మూస్తే భాష తెరుచుకొన్నదా? లేదు. ఐరిష్‌ను రాజ్యాంగం తొలి అధికారభాష చేసింది. ప్రభుత్వం బడిలో నూరేళ్లుగా నేర్పుతున్నది. 2022 జనగణనలో 18 లక్షల 73 వేల మందికి పైగా మాకు ఐరిష్ వచ్చునన్నారు. అందులో బడి వెలుపల దినదినం మాట్లాడేవారు 71,968 మంది మాత్రమే. బడిలో ఉండి వీధిలో లేని భాష, పరీక్ష ముగియగానే పుస్తకంతో పాటు అటకెక్కుతుంది.

అలాగని బడి అక్కరలేదని నేను అనడం లేదు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య అమ్మనుడిలో అందేందుకు తగిన వసతులు కల్పించాలని మన రాజ్యాంగపు 350ఎ అధికరణం చెబుతున్నది. ఆ హక్కును అడగకుండా ఉండడం నేరం. కాని అడిగేవారు ఎలా ఉండాలో ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ నగరం చూపింది. 1960ల చివర షాస్ రోడ్డు అనే చోట కొన్ని కుటుంబాలు, ఇంటా వీధిలో ఐరిష్ మాత్రమే మాట్లాడాలని నిశ్చయించుకొని పక్కపక్కన ఇళ్లు కట్టుకొన్నాయి. 1971లో తొమ్మిదిమంది పిల్లలతో సొంత బడి పెట్టినారు. ప్రభుత్వపు డబ్బు వచ్చింది 1984లో. పదమూడేళ్లు తల్లిదండ్రులే ఆ బడిని మోసినారు. అక్కడ ఐరిష్‌కు చట్టపు గుర్తింపు వచ్చింది 2022లో. ముందు మాట్లాడినారు, తరువాత అడిగినారు. అందుకే ప్రభుత్వం కాదనలేకపోయింది.

ఇంకొక ముచ్చట. 2016లో డబ్లిన్‌లో ఇద్దరు యువకులు ఒక చిన్న పని చేసినారు. ఫలానా సాయంత్రం ఫలానా పబ్బులో కలుద్దాం, వచ్చినవారు ఐరిష్‌లో మాట్లాడుకొందాం అని పిలుపిచ్చినారు. చందా లేదు, అధ్యక్షుడు లేడు, తీర్మానం లేదు. వచ్చీరాని మాటలవారికి కూడా చోటున్నది. ఆ కలయికలు ఊరూరా, దేశదేశాలా వ్యాపించినాయి. ఒక తరం పెద్దలు భాష కోసం ఏ పబ్బును మూయించినారో, మరొక తరం పిల్లలు భాష కోసం ఆ పబ్బులోకే నడిచినారు. నా మటుకు నాకు పిల్లలే సరి అనిపిస్తుంది. జనం ఎక్కడ నవ్వుతూ కూడుతారో అక్కడికి భాష వెళ్లాలి గాని, జనాన్ని కసరి భాష వద్దకు రప్పించలేము.

మనకు పబ్బులు అక్కరలేదు; పబ్బాలు ఉన్నాయి, కాఫీ హోటళ్లు ఉన్నాయి. ఆగస్టు 29న ఎవరి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నామో ఆ గిడుగు రామమూర్తిగారు దశాబ్దాల పాటు పర్లాకిమిడిలో బతికినవారు. 1936లో ఆ ఊరు ఒడిశాలో చేరగా మనసు విరిగి రాజమహేంద్రవరం తరలినారు. ఆయన ఊరు విడిచినారు గాని, ఆ ఊరిలో తెలుగు మాట్లాడేవారు నేటికీ ఉన్నారు. వారితో పాటు బళ్లారిలో, కోలారులో, హోసూరులో, బరంపురంలో, షోలాపురంలో, యానాంలో ఉన్న మన కుటుంబాలకు నా మనవి ఇది. ఈ ఉగాదికి పచ్చడితో పాటు, ఇంటి పిల్లవాని చేత పంచాంగంలో నాలుగు పంక్తులు చదివించండి. పెళ్లిపత్రికలో ఒక పుట అయినా తెలుగులో అచ్చువేయించండి. నెలకొక సాయంత్రం పదిమంది ఒక కాఫీ హోటలులో కూర్చొని తెలుగులో మాట్లాడుకోండి. తప్పులు దిద్దే పెద్దరికం ఆ సాయంత్రానికి ఇంట విడిచిరండి.

హోసూరు తిరిగి వచ్చిన మరునాటి నుండి మా మనుమరాలికి రాత్రి భోజనం తరువాత అరగంట ఓనమాలు నేర్పుతున్నాను. గుణింతం దాకా వచ్చింది. ఎనభై ఏళ్ల ప్రాయంలో ఆమె ఏ దేశంలో ఉంటుందో నేను ఎరుగను. ఎవరైనా పక్కన కూర్చొని నీ భాషలో ఒక్క వాక్యం చెప్పమని అడిగితే, ఆమె ఒక్క మాటతో ఆగిపోకూడదు. నా ఆరాటమంతా అదే.