అమ్మమ్మ చేట, కార్బన్ ఫైబర్ గుడ్డ: మనోళ్ళు ఎక్కడున్నారు?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మొన్న ల్యాబులో మాకు కార్బన్ ఫైబర్ గుడ్డ ముక్క చూపించారు. నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. "దీన్ని ట్విల్ నేత అంటారు, రెండు పోగుల మీదుగా, రెండు పోగుల కిందుగా వెళ్తుంది, అందుకే వంపు తిరిగిన అచ్చు మీద ముడతలు పడకుండా కూర్చుంటుంది" అని సారు చెప్తున్నారు. నాకు నవ్వొచ్చింది. మా అమ్మమ్మ చేట అల్లేది సరిగ్గా ఇలాగే. రెండు బద్దల మీద, రెండు బద్దల కింద, పక్క వరసలో ఒక బద్ద జరిపి. ఒకటి మీద ఒకటి కింద అల్లితే బద్ద ఎక్కువసార్లు వంగి బిగుసుకుపోతుంది, చేటకి వంపు సరిగ్గా రాదు. ఆ మాట ఆమె నాకు ఏడో తరగతిలో చెప్పింది. ఆమె వేలిముద్ర మనిషి.

మనలో చాలామందికి తెలియకపోవచ్చు, ఎరుకల వాళ్ళలో శాఖల పేర్లే పనుల పేర్లు. వెదురు దబ్బలు చీల్చి అల్లేవాళ్ళు దబ్బ ఎరుకల. నేతగాళ్ళ సరంజామా కట్టిచ్చేవాళ్ళు కుంచపురి ఎరుకల. అంటే మగ్గం పక్కన మనం తరాలుగా ఉన్నాం. అలాంటి వాళ్ళకి 1911 చట్టం నేరస్థ జాతి అని పేరు పెట్టింది. 1913లో మన బాపట్ల పక్కనే స్టూవర్టుపురం సెటిల్మెంటు పెట్టి కాపలా కాసింది. 1952లో ఆ ముద్ర కాగితం మీద తీసేశారు. జనం మనసులో తీసేశారా లేదా అన్నది తెనాలిలో అద్దెకి గది అడిగితే తెలుస్తుంది. సరే, అది వేరే పోస్టు.

ఇప్పుడు అసలు విషయం. టెక్నికల్ టెక్స్‌టైల్స్ అంటే కట్టుకునే బట్ట కాదు, పని చేసే బట్ట. ఆసుపత్రి గౌను, పంట మీద వేసే నెట్టు, కారు సీటు బెల్టు, గట్టు కోసుకుపోకుండా వేసే జియో గుడ్డ, చేపల వల, అన్నీ ఇందులోవే. 2020లో కేంద్రం దీనికోసం 1,480 కోట్లతో జాతీయ మిషన్ పెట్టింది. బోయింగ్ 787 విమానం బరువులో సగం ఈ ఫైబర్ కాంపోజిట్లే. కాంపోజిట్ అంటే పెద్ద మాయ ఏం కాదు. లాగుడిని పీచు తట్టుకుంటుంది, పీచు చెదరకుండా రెజిన్ పట్టుకుంటుంది. మట్టిలో గడ్డి తొక్కి గోడ పెట్టడం లాంటిదే.

మనోళ్ళు ఈ రంగంలో లేరని ఎవరన్నారు? ఉన్నారు, అట్టడుగున. రేపల్లె, నిజాంపట్నం వైపు యానాది కుటుంబాల్ని అడగండి. ఒకప్పుడు పత్తి నూలు వలలు కుళ్ళకుండా చెక్క కషాయంలో ఉడకబెట్టేవాళ్ళు. తర్వాత నైలాన్ వచ్చింది. చెక్క పడవలు పోయి, 2004 సునామీ తర్వాత మన తీరమంతా ఫైబర్ బోట్లు ఎక్కువైపోయాయి. ఫైబర్ బోటు అంటే గాజు పీచు చాపలు పరిచి పాలియెస్టర్ రెజిన్ పూసి రోలర్‌తో గాలి బుడగలు తీయడం. మా బావ ఒక యార్డులో రెండేళ్ళు ఆ పనే చేశాడు. మాస్కు ఇవ్వలేదు. సాండింగ్ చేసిన రోజు రాత్రంతా ఒళ్ళు గోక్కునేవాడు, రెజిన్ వాసనకి అన్నం సహించేది కాదు. అదే పని గాలిమర రెక్కల ఫ్యాక్టరీలో చేసేవాణ్ణి "టెక్నీషియన్" అంటారు. మా బావని "కూలీ" అన్నారు. తేడా పనిలో లేదు, కాగితంలో ఉంది.

ఇక అరటి సంగతి. కొల్లిపర, కొల్లూరు లంకల్లో గెల కోసేశాక బోదెలు నరికి గట్ల మీద పడేస్తారు. వాటిని ఎత్తేది ఎక్కువగా మన ఆడవాళ్ళే. పూలు కట్టే అరటి నార మనకి కొత్త కాదు. ఆ నారకే ఇప్పుడు కాంపోజిట్లలో గిరాకీ. గాజు పీచు కన్నా దాదాపు సగం బరువు. అరటికి చుట్టమైన అబాకా నారని ఫిలిప్పీన్స్ నుంచి తెప్పించి మెర్సిడెస్ వాళ్ళు ఇరవై ఏళ్ళ కిందటే ఏ క్లాస్ కారులో స్టెప్నీ గూటికి మూతగా వాడారు.

కానీ ఈ అరటి నార కథలో అబద్ధాలు కూడా ఎక్కువ. మా వీధి ఆడవాళ్ళకి ఒక సంస్థ వాళ్ళు వారం రోజులు ట్రైనింగ్ ఇచ్చి, సర్టిఫికెట్ ఇచ్చి, ఫొటో దిగి వెళ్ళిపోయారు. మిషన్ లేదు, కొనేవాడు లేడు. బోదెలో తొంభై శాతం నీళ్ళే. టన్ను బోదె మిషన్‌లో ఆడితే చేతికొచ్చే ఎండు పీచు పది కిలోలు, అటూ ఇటూ. బోదెలు మోసే ట్రాక్టరు బాడుగకే సరిపోతుంది. అందుకే మిషన్ తోట దగ్గరికి వెళ్ళాలి, తోట మిషన్ దగ్గరికి రాకూడదు. ఇంకోటి, నారకి నీళ్ళు పీల్చే గుణం ఉంది, రెజిన్ సరిగ్గా అంటుకోదు. కాస్టిక్ సోడా నీళ్ళలో కొలత ప్రకారం నానబెట్టి కడిగితే పట్టు పెరుగుతుంది. ఎక్కువైతే పీచే చచ్చిపోతుంది. ఆ కొలత తెలిసినవాడికే డబ్బు. పచ్చి నార అమ్మేవాడికి కూలి డబ్బులే.

ఇక్కడే మన చదువు పనికిరావాలి. "బుట్టలు అల్లే బతుకు వద్దనే కదా చదివించింది" అని మా అమ్మ అంటుంది. నిజమే. నేను బుట్టలకి తిరిగి వెళ్దామనట్లేదు. డీఎస్సీ, కానిస్టేబుల్ తప్ప వేరే దారి లేదన్నట్టు మనందరం ఒకే గేటు దగ్గర తోసుకుంటున్నాం, అది చూసే చెప్తున్నా. పాలిమర్, టెక్స్‌టైల్ కోర్సుల్లో ఎస్టీ సీటు వచ్చినా "అదేం కోర్సురా" అని వదిలేసినవాళ్ళు ఈ గ్రూపులోనే ఉన్నారు.

2023లో అదే మిషన్ కింద గ్రేట్ అనే పథకం వచ్చింది. కొత్త ఆలోచన ఉన్నవాళ్ళకి ఏడాదిన్నర పాటు 50 లక్షల దాకా గ్రాంటు. వినడానికి బానే ఉంది. అయితే అందులో కనీసం పది శాతం సొంతంగా పెట్టాలి. 50 లక్షలకి అది 5 లక్షలు! రేపల్లె కరకట్ట మీద గుడిసెలో ఉండే పిల్లోడు ఎక్కడ తెస్తాడు? ఈ నియమం రాసినవాళ్ళు మనల్ని కావాలని ఆపలేదు, అసలు మనం వస్తామనే అనుకోలేదు. ఆ పది శాతం ట్రైకార్ కట్టాలని నా అభిప్రాయం. ఆవులకి, ఆటోలకి సబ్సిడీ ఇవ్వగా లేనిది దీనికెందుకు ఇవ్వకూడదు? బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. నార తీసే మిషన్ ఒకటి ట్రాలీ మీద పెట్టి లంకలకి పంపమని వాళ్ళనీ అడగొచ్చు, అది మన సంఘం ఆడవాళ్ళ పేరు మీద ఉండాలి.

వచ్చే ఆదివారం తెనాలిలో కూర్చుని ఈ రెండు అర్జీలు రాద్దాం. ఇంగ్లీషులో రాయగలిగినవాళ్ళు ఒక్కరైనా రండి. బోటు యార్డుల్లో పని చేస్తున్న మనోళ్ళు ఉంటే పేరు వద్దు, ఏ ఊరు, రోజుకి కూలి ఎంత, మాస్కు ఇస్తున్నారా లేదా, ఈ మూడూ కింద రాయండి. అర్జీకి జతచేద్దాం.