ఆమని అన్న ప్రతి పాటా పండగ పాటేనా?

ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, అమెరికాలో తెలుగు సంఘాల కమిటీలు ఉగాది పాటల లిస్టుకి కూర్చుంటాయి. పద్ధతి చాలా సులువు. పాటలో ఆమనో, కోయిలో, మావిచిగురో ఉందా? ఉంటే తీసుకో. ఆ పైన నాలుగు స్పీడు పాటలు కలిపితే భోజనాల టైము దాకా ఢోకా లేదు.

ఈ పద్ధతితోనే నా తగువు.

ఆ లిస్టుల్లో తరచు కనిపించే "ఆమని పాడవే" సంగతే చూడండి. 1989లో వచ్చిన మణిరత్నం 'గీతాంజలి'లోది. వేటూరి రాశారు, ఇళయరాజా బాణీ కట్టారు, బాలు పాడారు. గొప్ప పాట, సందేహం లేదు. కానీ అది ఎవరి పాట? రోజులు దగ్గర పడ్డాయని తెలిసిన ఒక కుర్రవాడి పాట. చావు ముంగిట నిలబడి వసంతాన్ని బతిమాలుకుంటున్న గొంతు అది. దాన్ని మనం పట్టుచీరల గలగలల్లో, పులిహోర ప్లేట్ల మీదుగా, పండగ శుభాకాంక్షలతో కలిపి వేసేస్తాం. వెయ్యొద్దనడం లేదు. ఉగాది పచ్చట్లో వేపపువ్వుకి చోటున్నట్టే ఈ పాటకీ పండగలో చోటుంది. చేదని తెలిసి వెయ్యండి అంటున్నాను, అంతే.

'సీతామాలక్ష్మి'(1978) కోసం కృష్ణశాస్త్రిగారు రాసిన "మావిచిగురు తినగానే" ఇంకో రకం. చిగురు ముందా, కోయిల పాట ముందా అని ఆటపట్టించే పొడుపుకథ అది. ఇక్కడి పిల్లలు మావిచిగురు చూడలేదు. ఆ కోయిల ఈ దేశంలో లేదు. పిల్ల అర్థం అడిగితే "అదో స్ప్రింగ్ సాంగ్ లేమ్మా" అంటాం. పొడుపుకథ అక్కడితో చచ్చిపోతుంది.

"పిల్లలకి అర్థాలెందుకండీ, బీట్ ఉంటే చాలు" అంటారు. అదే పిల్లలు ఇంగ్లీషు పాట నచ్చితే ప్రతి మాటా వెతికి పట్టుకుని బట్టీ పడతారు. పాట అర్థం వాళ్ళకి అక్కర్లేదన్నది మన బద్ధకానికి మనం పెట్టుకున్న పేరు. "టైమెక్కడిదీ?" అంటారు ఇంకొందరు. శాలువాలకి ఉంటుంది, స్పాన్సర్ల ప్రసంగాలకి ఉంటుంది, పాటకి రెండు నిమిషాలు ఉండదా?

1996లో 'పాడుతా తీయగా' మొదలైనప్పటినుంచీ బాలుగారు చేసిన పని ఏమిటి? పిల్లలు పాడిన పాట ఎవరు రాశారో, ఏ సందర్భమో, ఏ అక్షరం ఎలా పలకాలో చెప్పారు. సంగీతం రానివాళ్ళు కూడా కదలకుండా కూర్చుని విన్నారు. 2020లో ఆయన వెళ్ళిపోయారు. ఆయన పాటలు వేసుకుంటున్నాం, ఆయన అలవాటు మాత్రం వదిలేశాం.

అందుకని నా లిస్టు చిన్నది. పై రెండు పాటలూ, వాటి కథలతో సహా. మూడోది "ఆకులో ఆకునై". 1925 నాటి 'కృష్ణపక్షం'లోని ఈ గీతం 57 ఏళ్ళ తర్వాత, 1982లో, 'మేఘసందేశం' సినిమాలో రమేశ్ నాయుడు బాణీలో, సుశీలగారి గొంతులో మళ్ళీ చిగిర్చింది. అడవిలో ఆకై పువ్వై దాగిపోవాలన్న కోరిక అర్థం కావడానికి మామిడితోట అక్కర్లేదు, మే నెలలో మిషిగన్ చాలు. నాలుగోది త్యాగయ్యగారి "సీతమ్మ మాయమ్మ". అందులో కోయిలా లేదు, చిగురూ లేదు. కానీ రాగం వసంత. వసంతం మాటలోనే ఉండాలన్న నియమం లేదని పిల్లలకి చెవితోనే తెలుస్తుంది.

ఐదోది ఖాళీగా ఉంచాను. అది ఇక్కడ ఎవరో రాయాలి. 2025లో ఉగాది మార్చి 30న వచ్చింది. మిషిగన్‌లో మేపుల్ చెట్టుకి అప్పటికి ఆకు పుట్టదు. కరిగే మంచూ, తిరిగొచ్చే రాబిన్ పిట్టా, మట్టిలోంచి తల ఎత్తే డాఫొడిల్ మొక్కా, ఇవే మన పిల్లల వసంతం. ఇన్ని దశాబ్దాలుగా ఈ దేశంలో ఉండి, ఇంతమంది కవులుండి, ఈ వసంతం మీద మన పిల్లలందరి నోటా ఆడే తెలుగు పాట ఒక్కటైనా ఉందా?

మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. ఇంగ్లీషు లిపిలో రాసుకుని పాడతారు. వాళ్ళ దగ్గర మిగిలిన తెలుగు దాదాపు అంతా పాటలోనే ఉంది. ఆ పాటని కూడా చప్పుడు చేసేస్తే ఇక వాళ్ళకి ఇవ్వడానికి మన దగ్గరేముంది? కాబట్టి కమిటీ వారికి నా మనవి ఒక్కటే. ఇరవై పాటలు వెయ్యకండి. ఐదు వెయ్యండి, ఒక్కోదానికీ రెండు నిమిషాలు తెలుగులో మాట్లాడండి. పులిహోర పది నిమిషాలు ఆగుతుంది.