మగ్గం మెచ్చే గీత

"బొమ్మలు గీస్తే ఫీజులొస్తాయా?" వడ్డేపల్లి వైపు ఈ ప్రశ్నకు జవాబు మగ్గం దగ్గరుంది. 2016లో వేరే మండలమయ్యేదాకా చేనేతకు పేరున్న రాజోలి ఈ మండలంలోనిదే. సంప్రదాయ గద్వాల చీరకు ఒళ్లంతా నూలు. అంచూ కొంగూ పట్టు. చూపు లాగేది ఆ అంచే. మరి దానికి ముందుగా ఎవరో ఒకరు బొమ్మ గీయాలి కదా!

అయితే నోటుబుక్కులోని నెమలి నేరుగా మగ్గమెక్కదు. గ్రాఫు కాగితం మీద గళ్లు నింపుతూ గీయాలి. నిలువు వరుసలు పడుగుకు, అడ్డ వరుసలు పేకకు లెక్క. ఆ గళ్లను బట్టే జకార్డు అట్టలకు రంధ్రాలు కొడతారు. నున్నటి వంపు గళ్లలోకొచ్చేసరికి మెట్లు మెట్లుగా మారుతుంది. ఈ కిటుకు తెలియాలంటే సెలవుల్లో నాలుగు రోజులు నేతగాళ్ల పక్కన కూర్చోండి. కంప్యూటర్‌పై గీయడం ఆ తర్వాత నేర్చుకోవచ్చు.

ఇక డబ్బు సంగతి. "చిన్న బొమ్మేగా" అంటే మొహమాటపడకండి. కాగితాల ఖర్చు, పట్టిన గంటలు రాసుకుని ధర చెప్పండి. సగం ముందే అడగండి. అట్టలు ఒకసారి కొడితే అదే బొమ్మ ఎన్నో చీరలకు పనికొస్తుంది. అందుకే ఎన్ని చీరలకు ఇస్తున్నారో రాయించుకోండి. ఇంకొకరి అంచును ఎత్తిరాయడం మాత్రం వద్దు. పరీక్షల నెలలో కొత్త పని ఒప్పుకోవద్దు.

అమ్మానాన్నలకో మాట: ఆ తొలి సంపాదనను ఇంటి ఖర్చుల్లో కలపకండి. ఫీజుకో, రంగుల డబ్బాకో వాళ్లనే ఖర్చు పెట్టుకోనివ్వండి.